తప్పుకి తగ్గ శిక్షేనా?

మార్కుల కాయితం ఇంటికొచ్చే రోజు ఎలా ఉంటుందో తల్లులకి వేరే చెప్పక్కర్లేదు. ఆడపిల్లయితే గుమ్మంలోనే నిలబడిపోతుంది. పిల్లాడయితే సంచీ ఒక మూల పారేసి వీధిలోకి పరుగు తీస్తాడు. ఆ కాయితం మీద 3ని 8గా దిద్దిన చేతులు ప్రతి తరంలోనూ ఉన్నాయి. నాన్న సంతకం తామే పెట్టేసుకున్న ఘనులు మన ఇళ్లలోనే పెద్దవాళ్లయి ఇవాళ పిల్లలకి నీతులు చెబుతున్నారు. దొరికిపోతే అప్పట్లో ఏం జరిగేది? మాష్టారు చెవి మెలేసేవారు. నాన్నని బడికి పిలిపించేవారు. రెండ్రోజులు ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడేవారు కాదు. మూడో రోజున అమ్మే పిలిచి అన్నం పెట్టేది. అంతటితో ఆ కథ ముగిసేది.

ఇప్పుడా మార్కులు కంప్యూటర్లోకి ఎక్కాయి. దిద్దడానికి బ్లేడు అక్కర్లేదు, అదే రంగు సిరా వెతుక్కోనక్కర్లేదు. రెండు మీటలు నొక్కితే చాలు. దాంతోపాటు శిక్ష కూడా మారిపోయింది. చెవి మెలేసిన చోట టి.సి. చేతికిస్తామంటున్నారు. పోలీసుల్ని పిలుస్తామంటున్నారు. చెవి మెలెయ్యడం మంచిదని మేం అనడం లేదు. పిల్లల్ని కొట్టడమే కాదు, మనసు నొచ్చేలా వేధించడం కూడా తప్పేనని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పింది, మంచి మాటే చెప్పింది. మేం అడిగేది వేరు. తప్పు అదే, వయసు అదే. మరి శిక్ష ఒక్కటే ఎందుకింత పెరిగింది?

జహీరాబాద్ లాంటి ఊళ్లో ఒక సంగతి ఊహించుకుందాం. ఫలానా బడిలో జరిగిందని కాదు, ఏ బడిలోనైనా రేపు జరగగల సంగతి. హైదరాబాదు నుంచి ముంబయి వెళ్లే జాతీయ రహదారి మీది ఊరు. చుట్టూ చెరకు తోటలు. తెలుగు, ఉర్దూ, కన్నడం ఒక్క బజార్లోనే వినిపిస్తాయి. పక్క పల్లెల నుంచి పిల్లలు ఆటోల్లో, బస్సుల్లో బడికొస్తారు. ఆ పిల్లల్లో ఒకమ్మాయి పదో తరగతి చదువుతోంది. తల్లి కూలికి పోతుంది. అమ్మాయికి టైపింగు బాగా వచ్చు. ఆఫీసు సారుకి పని ఎక్కువైంది. "బిడ్డా, నువ్వు జల్దీ కొడతవు గదా, జర ఈ మార్కులన్నీ ఎక్కియ్యి" అని కుర్చీలో కూర్చోబెట్టాడు. పాస్‌వర్డు కాయితం మీద రాసి తెర పక్కనే అంటించి ఉంది.

వారం తిరిగేసరికి స్నేహితురాలు ఏడుస్తూ వచ్చింది. లెక్కల్లో 31. ఇంట్లో తెలిస్తే చంపేస్తారంది. అన్నం బెల్లు కొట్టాక ఆఫీసులో ఎవరూ లేరు. ఈ అమ్మాయి వెళ్లి 31ని 36 చేసింది. పనిలో పనిగా తన సైన్సు మార్కులు కూడా ఓ ఏడు పెంచుకుంది. నెల తర్వాత కాయితం మీది మార్కులకీ, కంప్యూటర్లో మార్కులకీ పొంతన కుదరక బండారం బయటపడింది.

ఇప్పుడు చెప్పండి, ఆ అమ్మాయిని ఏం చెయ్యాలి?

"పంపించెయ్యండి, మిగతా పిల్లలు చెడిపోతారు" అనేవాళ్లుంటారు. "పోలీసు కంప్లయింటివ్వాలి, అప్పుడు గానీ బుద్ధి రాదు" అనేవాళ్లూ ఉంటారు. తల్లి కూలి మానుకుని పరుగెత్తుకొస్తుంది. "సార్, తెల్వక చేసింది, ఒక్కసారికి మాఫ్ చెయ్యిండ్రి" అని చేతులు జోడిస్తుంది. ఆమెను కుర్చీలో కూర్చోమని కూడా ఎవరూ అనరు. కుర్చీలో కూర్చోబెట్టి పని చేయించుకున్న సారు మాత్రం ఆ సమయానికి గదిలో కనబడడు!

ముందుగా ఒక మాట ఒప్పుకుందాం. ఇది చిన్న తప్పేం కాదు. "పిల్లచేష్టలే, పోనీండి" అని వదిలేసేది అసలే కాదు. ఒకరి మార్కులు పెరిగాయంటే ఇంకొకరు వెనక్కి జరిగినట్టే. గురుకులంలో సీటు, స్కాలర్‌షిప్పు, తరగతిలో మొదటి స్థానం... ఇవన్నీ లెక్కపెట్టి ఇచ్చేవే. అర్ధరాత్రి దాకా చదివి 82 తెచ్చుకున్న పిల్లకి, మీటలు నొక్కి 89 చేసుకున్న పిల్ల అన్యాయం చేసినట్టే. ఆ 82 తెచ్చుకున్న పిల్లకీ ఒక తల్లి ఉంది. ఆమె కూడా కూలికే పోతుంది. న్యాయం ఆవిడకీ కావాలి. అందుకని శిక్ష ఉండాలి. ఎంత ఉండాలి, ఎవరెవరికి ఉండాలి అన్నదే అసలు ప్రశ్న.

చట్టం ఏమంటోందో చూద్దాం. 2000లో వచ్చిన సమాచార సాంకేతిక చట్టం ప్రకారం, అనుమతి లేకుండా మోసపూరితంగా కంప్యూటర్లోకి చొరబడి సమాచారం మారిస్తే మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా పడవచ్చు. ఇంకొకరి పాస్‌వర్డుని మోసంతో వాడుకున్నా మూడేళ్ల దాకా జైలే. ఈ మాట వినగానే తల్లి గుండె ఆగినంత పనవుతుంది. చాలామంది చెప్పేది ఇంతవరకే. దీని తర్వాత మాట చెప్పరు.

తర్వాత మాట ఏమిటంటే, పద్ధెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం అడ్డొస్తుంది. మూడేళ్లకి మించని శిక్ష ఉన్న నేరాల్ని ఆ చట్టం చిల్లర నేరాల కిందే లెక్క కట్టింది. అలాంటి పిల్లల్ని మామూలు కోర్టుకీ, జైలుకీ పంపడానికి వీల్లేదు. బాలల న్యాయ మండలి ముందుకే తీసుకెళ్లాలి. ఆ మండలి మందలించి పంపవచ్చు. కౌన్సెలింగు చెప్పించవచ్చు. సమాజానికి పనికొచ్చే పనేదైనా చెయ్యమనవచ్చు. తల్లిదండ్రుల చేత జరిమానా కట్టించవచ్చు. పిల్లల పేరు, ఫొటో, బడి పేరు పత్రికల్లో, టీవీల్లో రాకూడదు. ఆ మచ్చ వాళ్ల ముందు జీవితానికి అడ్డం రాకూడదని కూడా ఆ చట్టమే అంటోంది. అంటే చట్టం చేసినవాళ్లు కాస్త తల్లి మనసుతోనే ఆలోచించారన్నమాట. బడి ఆఫీసు గదిలో మాత్రం ఆ చట్టం పేరెత్తే వాళ్లు అరుదు.

మరి నిజంగా మన దగ్గర ఏం జరుగుతోంది? ఈ మధ్య సంవత్సరాల్లో జరిగినవే మూడు సంగతులు గుర్తు చేసుకుందాం. మొదటి రెండూ కంప్యూటర్లో మార్కులు దిద్దిన సంగతులు కావు. ఫోన్లో ప్రశ్నపత్రం బయటికెళ్లిన సంగతులు. కానీ దొరికిన పిల్లల్ని మనం ఎలా చూస్తామో తెలుసుకోవడానికి అవి చాలు.

2023 ఏప్రిల్ 4న హనుమకొండ జిల్లా కమలాపూర్‌లో పదో తరగతి హిందీ పరీక్ష జరుగుతుండగా ప్రశ్నపత్రం ఫొటో వాట్సాప్‌లో బయటికొచ్చింది. బయటి నుంచి ఎవరో కిటికీ దగ్గరికొచ్చి, ఆ పక్కన కూర్చున్న అబ్బాయి దగ్గర కాయితం తీసుకుని ఫొటో తీసుకున్నారని తేలింది. రాష్ట్రమంతా గగ్గోలయింది. ఆ అబ్బాయిని అయిదేళ్లపాటు పరీక్షలు రాయకుండా డిబార్ చేశారు. అయిదేళ్లు! పదిహేనేళ్ల వాడికి అయిదేళ్లంటే పదో తరగతి పూర్తయ్యేసరికి ఇరవై ఏళ్లు. చివరికి హైకోర్టు కల్పించుకుని మిగతా పరీక్షలు రాయనిమ్మంటే గానీ వాడు మళ్లీ పరీక్ష హాల్లోకి అడుగుపెట్టలేదు.

2025 మార్చి 21న నల్లగొండ జిల్లా నకిరేకల్‌లో, పదో తరగతి తెలుగు పరీక్ష రోజున ఇంచుమించు ఇలాగే జరిగింది. ఈసారి కిటికీ పక్కన కూర్చున్నది ఆడపిల్ల. బయటి నుంచి వచ్చినవాళ్లు బెదిరిస్తే భయపడి పేపరు చూపించానని ఆ పిల్ల చెప్పింది. ఆమెను కూడా డిబార్ చేశారు. నా తప్పేముంది, నన్ను పరీక్ష రాయనివ్వండి అని ఏడుస్తున్న ఆ పిల్ల మొహాన్ని మనమందరం టీవీలో చూశాం. చూపించకూడదని ఎవరికీ తోచలేదు. ఆ కుటుంబం కూడా హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

పరీక్ష పవిత్రంగా ఉండాలి, నిజమే. ఒకరి కోసం లక్షలమంది పిల్లల పరీక్షని పాడు కానివ్వకూడదు, అదీ నిజమే. కానీ ఆ కిటికీకి కాపలా ఎవరిది? గోడ దూకి వచ్చినవాణ్ణి ఆపవలసింది ఎవరు? ఆ బాధ్యత పదిహేనేళ్ల పిల్ల నెత్తిన పెడితే ఎలా?

మూడో సంగతి కంప్యూటరుదే. దాన్ని మనం అంత తొందరగా మరచిపోకూడదు. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాయి. దాదాపు తొమ్మిదిన్నర లక్షలమంది పిల్లల ఫలితాలు. ఆ లెక్కల పని ఒక ప్రైవేటు సంస్థకి అప్పగించారు. ఫలితాలొచ్చాక చూస్తే తప్పుల తడక. పరీక్ష రాసినవాళ్లకి రాయలేదని పడింది. తెలుగులో 99 రావలసిన అమ్మాయికి సున్నా పడింది. మూడు లక్షలమందికి పైగా తప్పారు. ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని ఆ రోజుల్లో పత్రికలు రాశాయి. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది. తప్పిన పిల్లలందరి జవాబు పత్రాలూ ఉచితంగా మళ్లీ సరిచూస్తే, వెయ్యిమందికి పైగా అసలు తప్పనే లేదని తేలింది.

ఆ 99ని సున్నా చేసినందుకు ఏం శిక్ష పడింది? పేపరు దిద్దిన అధ్యాపకురాలికి 5 వేల రూపాయల జరిమానా వేశారు. ఆమె ఉద్యోగం పోయింది. సరిచూడవలసిన ఇంకొకాయన సస్పెండయ్యాడు. ఇక లెక్క చూడండి. పెద్దల తప్పుకి 5 వేలు. పిల్లాడి తప్పుకి అయిదేళ్లు!

ఆ పెద్దలు కావాలని చెయ్యలేదు, పొరపాటున చేశారని అంటారు. కావచ్చు. మరి కిటికీలోంచి భయపెడితే కాయితం చూపించిన పిల్ల కావాలని చేసిందా? పొరపాటు అనే మాట పెద్దలకి అంత సులువుగా దొరుకుతుందే, పిల్లలకెందుకు దొరకదు?

డబ్బుకోసం చేసే మోసాన్ని, భయంతో చేసే తప్పుని ఒకే గాటన కట్టకూడదని పార్లమెంటు కూడా ఒప్పుకుంది. 2024లో ప్రభుత్వ పరీక్షల్లో అక్రమాల్ని అరికట్టడానికి కేంద్రం ఒక చట్టం తెచ్చింది. పెద్ద ఉద్యోగాల పరీక్షలకీ, నీట్ లాంటి ప్రవేశ పరీక్షలకీ అది వర్తిస్తుంది. పేపరు అమ్ముకునేవాళ్లకి, కంప్యూటర్లలో చొరబడి మార్కులు మార్చేవాళ్లకి అందులో మూడేళ్ల నుంచి పదేళ్ల దాకా జైలు ఉంది. ముఠాలకైతే కోటి రూపాయలకి తగ్గని జరిమానా ఉంది. కానీ పరీక్ష రాసే అభ్యర్థుల్ని ఆ జైలు శిక్షల పరిధిలోకి తీసుకురాలేదు. వాళ్ల సంగతి పరీక్ష పెట్టే సంస్థ తన నిబంధనల ప్రకారం చూసుకోవాలంది. ఉద్యోగానికి పోటీ పడే పాతికేళ్ల వాళ్లకే ఆ తేడా చూపించినప్పుడు, పదో తరగతి పిల్ల దగ్గరికి రాగానే మన చెయ్యి ఎందుకంత బరువెక్కుతుంది?

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న బెడద అనుకోకండి. బ్రిటన్‌లో ప్రజల వ్యక్తిగత సమాచారానికి కాపలా కాసే ప్రభుత్వ కార్యాలయం ఒకటుంది. విద్యాసంస్థల్లో లోపలివాళ్లే సమాచారంలోకి చొరబడ్డ 215 సంఘటనల్ని అది పరిశీలించి 2025 సెప్టెంబరులో వివరాలు బయటపెట్టింది. వాటిలో 57 శాతం విద్యార్థులు చేసినవే. నూటికి 30 సంఘటనల్లో దొంగిలించిన పాస్‌వర్డులే వాడారు. అలా వాడినవాళ్లలో దాదాపు అందరూ విద్యార్థులే. మరి వాళ్లంతా కంప్యూటరు మాంత్రికులా? కాదు. నిజంగా పెద్ద విద్య చూపించినవి నూటికి అయిదే. మిగతావాటిలో తేలిగ్గా ఊహించగలిగే పాస్‌వర్డులూ, కాయితం మీద రాసిపెట్టుకున్న పాస్‌వర్డులూ, తెరిచిపెట్టి వెళ్లిపోయిన కంప్యూటర్లూ ఉన్నాయి! మన ఊహలోని ఆఫీసు సారు ఆ దేశంలోనూ ఉన్నాడన్నమాట.

అక్కడ వాళ్లు ఇలాంటి పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక కార్యక్రమం నడుపుతున్నారు. నేర పరిశోధన సంస్థే నడుపుతోంది. దొరికిన పిల్లలకి చట్టం ఏమిటో చెబుతారు. ఆ తెలివిని న్యాయమైన పనికి ఎలా వాడుకోవచ్చో చూపిస్తారు. ఏడేళ్ల పిల్లని కూడా అక్కడికి పంపారట! ఏడేళ్ల పిల్లకి సంకెళ్లు వెయ్యలేం కదా. దారి చూపించాల్సిందే.

శిక్ష సరిగ్గా పడితే ఏమవుతుందో, తప్పుగా పడితే ఏమవుతుందో అమెరికాలో జరిగిన రెండు సంగతులు చెబుతాయి. 1988 నవంబరులో రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన ఒక చిన్న ప్రోగ్రాము వేలాది కంప్యూటర్లని స్తంభింపజేసింది. విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ ప్రయోగశాలలు అన్నీ గోలెత్తిపోయాయి. కోర్టు అతన్ని దోషి అంది. కానీ జైలుకి పంపలేదు. మూడేళ్లు నిఘాలో ఉండమంది. 400 గంటలు సమాజసేవ చెయ్యమంది. పదివేల డాలర్ల పైచిలుకు జరిమానా వేసింది. తర్వాత అతను ఎం.ఐ.టి.లో ప్రొఫెసరయ్యాడు. ఎందరికో కంప్యూటరు విద్య నేర్పాడు.

అదే ఎం.ఐ.టి. నెట్‌వర్కు నుంచి ఆరన్ స్వార్ట్జ్ అనే యువకుడు లక్షల కొద్దీ పరిశోధన వ్యాసాలు తన కంప్యూటర్లోకి దించుకున్నాడు. 2011లో కేసు పెట్టారు. అదే చట్టం. ఈసారి నేరాల మీద నేరాలు పేర్చారు. అన్నీ కలిపితే దశాబ్దాల జైలు పడేలా చేశారు. విచారణ మొదలవకముందే, 2013 జనవరిలో, ఇరవై ఆరేళ్లకే అతను ప్రాణం తీసుకున్నాడు. మనిషి మనసులో ఏముందో పూర్తిగా ఎవరికీ తెలియదు. కానీ చట్టం ఒక్కటే అయినా ఒకరికి దారి చూపించింది, ఇంకొకరికి అన్ని దారులూ మూసేసింది. తేడా చట్టంలో లేదు, దాన్ని పట్టుకున్న చేతిలో ఉంది.

ఇంతకీ ఈ గోల ఆడవాళ్ల పేజీలో ఎందుకంటారా? శిక్ష కాయితం మీద అందరికీ ఒకటే. ఇంట్లోకొచ్చేసరికి ఆడపిల్లకి రెట్టింపవుతుంది, అందుకు.

ఏడాది పోయిన కొడుకుని ట్యూషన్లో చేర్పిస్తారు. లేకపోతే మేనమామ కొట్లో కూర్చోబెట్టి, వచ్చే ఏడు ప్రైవేటుగా కట్టిస్తారు. ఏడాది పోయిన కూతురికి సంబంధాలు చూస్తారు! "బడిలో దొంగతనం చేసిందట" అన్న మాట ఊళ్లోకి వచ్చాక అసలు ఆగరు. పద్ధెనిమిది నిండకుండా పెళ్లి చెయ్యకూడదని 2006 నాటి చట్టం చెబుతూనే ఉంటుంది. చదువు ఆగిపోయిన ఆడపిల్లకి బడే కాపలా అన్న సంగతి పల్లెల్లో పనిచేసే ఏ అంగన్‌వాడీ టీచరమ్మనడిగినా చెబుతుంది. బడి గేటు దాటించి పంపేసిన రోజున ఆ కాపలా పోయినట్టే. హెడ్మాష్టరుగారు సంతకం పెట్టేది టి.సి. మీదే. కానీ కొన్ని ఇళ్లలో అది లగ్నపత్రిక అవుతుంది. ఆయన అంత శిక్ష వెయ్యాలనుకోలేదు. ఆయన కాయితంలో ఆ మాట లేదు. అయినా పడుతుంది. పడేది ఎంత బరువో చూసుకోకుండా వేసిన శిక్ష న్యాయమైన శిక్ష ఎలా అవుతుంది?

మరి న్యాయంగా ఏం చెయ్యాలి? మాకు తోచింది చెబుతాం.

ముందు పిల్ల మాట వినాలి. పదిమంది ముందు నిలబెట్టి కాదు. తల్లినో తండ్రినో పక్కన కూర్చోబెట్టుకుని, ఒక టీచరమ్మ కూడా ఉండగా, తలుపు వేసి వినాలి. ఎవరు చెబితే చేసింది, ఎవరికి భయపడి చేసింది, డబ్బు చేతులు మారిందా... ఇవి తెలియకుండా శిక్ష మాట ఎత్తకూడదు.

రెండోది, శిక్షకన్నా ముందు రికార్డు సరిచెయ్యాలి. పెంచుకున్న మార్కులు తీసెయ్యాలి. నష్టపోయిన పిల్లకి తన స్థానం తనకివ్వాలి. ఆ పని పిల్ల చేతే, తల వంచుకునైనా, ఎదురుగా కూర్చోబెట్టి చేయించాలి. కావాలంటే ఆ పరీక్ష మళ్లీ రాయించాలి.

మూడోది, పని చెప్పాలి. బడి ఊడ్చే పని, మరుగుదొడ్లు కడిగే పని కాదు. అది అవమానం, శిక్ష కాదు. కాయితం మీద ఉన్న పాత రిజిష్టర్లనీ, కంప్యూటర్లో ఉన్నవాటినీ ఒక నెల రోజులు టీచరు పక్కన కూర్చుని వరసకి వరస సరిపోల్చమనండి. ఆడపిల్లయితే చీకటి పడకముందే ఇంటికి పంపండి. ఒక్కో అంకె వెనక ఒక్కో పిల్ల ఉందని అప్పుడు తెలుస్తుంది. నమ్మకం ఎలా పోయిందో తెలియాలి, ఎలా తిరిగి సంపాదించుకోవాలో కూడా తెలియాలి.

మన జహీరాబాద్ పక్కనే మాచ్‌నూర్‌లో 2008 నుంచి సంఘం రేడియో నడుస్తోంది. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల రేడియో. కూలి చేసుకునే కుటుంబాల ఆడవాళ్లు రికార్డింగు యంత్రాలు పట్టుకుని, విత్తనాల గురించీ, పాటల గురించీ తమ భాషలో తామే చెప్పుకుంటున్నారు. ఆ యంత్రాలు మొదట వాళ్ల చేతికిచ్చినప్పుడు పాడు చేస్తారని అనుమానించిన వాళ్లు లేకపోలేదేమో! బాధ్యత ఇచ్చి, పక్కన నిలబడి నేర్పితే యంత్రం ఎవరి చేతిలోనైనా ఒదిగి ఉంటుంది. బాధ్యత చెప్పకుండా ఒట్టి పాస్‌వర్డు ఇచ్చినప్పుడే తంటా.

నాలుగోది, శిక్షకి ఒక హద్దుండాలి. మొదటి తప్పుకి ఏడాది పోకూడదు. టి.సి.లో ఆ మాట ఎక్కకూడదు. నెల తర్వాత ఆ సంగతి బడిలో ఎవరూ ఎత్తకూడదు, టీచర్లతో సహా.

అయిదోది గట్టిగా చెబుతున్నాం. అన్ని తప్పులూ ఒకటి కావు. మార్కులు దిద్దడం వేరు. బడి కంప్యూటర్లోంచి ఆడపిల్లల ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు, ఫొటోలు ఎత్తుకుపోవడం వేరు. డబ్బు తీసుకుని పదిమంది మార్కులు మార్చడం వేరు. "బయటపెడతా" అని బెదిరించడం వేరు. వీటి దగ్గర బడి తనలో తాను సర్దుకోకూడదు. పరువు పోతుందని దాచిపెట్టకూడదు. బాలల న్యాయ మండలి దాకా వెళ్లవలసినవి ఇవే. తమాషా ఏమిటంటే, మార్కులు దిద్దిన పిల్లని బయటికి పంపే బడులే, ఆడపిల్లల ఫొటోలు తీసిన పిల్లాణ్ణి "కుర్రతనం" అని వదిలేస్తాయి!

ఆరోది పెద్దలకి. పాస్‌వర్డు అంటించిన కాయితం ముందు చింపెయ్యండి. పిల్లల చేత మార్కులు ఎక్కించకండి, ఎంత బాగా టైపు చేసినా సరే. టీచరు సంతకం పెట్టిన మార్కుల కాయితం ఏడాదైనా బీరువాలో దాచండి. ఎవరు ఎప్పుడు ఏ అంకె మార్చారో కంప్యూటరే రాసిపెట్టుకునే ఏర్పాటు ఉంటుంది, అది పెట్టించండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా సమాచారాన్ని భద్రంగా చూసుకునే బాధ్యత దాన్ని పెట్టుకున్నవాళ్లదేనంది. తాళం వెయ్యని ఇంట్లో దొంగతనం జరిగితే దొంగది తప్పే. కానీ ఊరందరి సొమ్మూ దాచమని ఇచ్చిన ఇంటికి తాళం వెయ్యకపోతే, ఆ ఇంటాయన కూడా ఊరికి జవాబు చెప్పాలి. పిల్లకి నెల రోజుల పని చెప్పిన బడి, ఆఫీసు సారుకీ ఒక మెమో ఇవ్వాలి. అప్పుడే పిల్లలకి న్యాయం మీద నమ్మకం కుదురుతుంది.

చివరి మాట అమ్మలకి. బడి నుంచి పిలుపొచ్చిన రోజున చేతికి చీపురు అందుకోకండి. అలాగని "మా పిల్ల అలాంటిది కాదు" అని అడ్డంగా వాదించకండి కూడా. పిల్ల పక్కన నిలబడండి, పిల్ల తప్పు పక్కన కాదు. ఇంటికొచ్చాక ఒక్కటే అడగండి. "ఎందుకు దిద్దావమ్మా?" అని. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడమేతకన్నట్టు ముందు ఏదో చెబుతుంది. కాస్త ఆగండి. నిజం తర్వాత వస్తుంది. చాలాసార్లు ఆ నిజం మనల్నే వేలెత్తి చూపిస్తుంది. "తక్కువొస్తే ఇంటికి రాకు" అన్నది మనమే. "పక్కింటి పిల్లని చూసి నేర్చుకో" అన్నదీ మనమే. "ఈసారి తప్పితే పెళ్లి చేసేస్తా" అని నవ్వులాటకన్నా అన్నది మనమే! పిల్ల దిద్దింది అంకెని కాదు. మన మొహంలో కనిపించబోయే కోపాన్ని దిద్దుకుంది.

ఆ రాత్రి పిల్లని ఒంటరిగా పడుకోనివ్వకండి. మాట్లాడకుండా మూసుకుపోతే, చచ్చిపోతానంటే, బెదిరింపులే అని కొట్టిపారెయ్యకండి. 14416 నంబరుకి ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు మాట్లాడతారు. పిల్లలకి ఏ ఆపదొచ్చినా 1098 ఉంది. ఈ రెండు నంబర్లూ వంటింటి గోడ మీద రాసిపెట్టుకోండి. ఆఫీసు సారు పాస్‌వర్డు అంటించినట్టు కనబడేలా అంటించండి. అంటించవలసినవి ఇవే మరి!

కంప్యూటర్లో తప్పు పడ్డ అంకెని దిద్దడానికి ఒక్క క్షణం చాలు. పిల్ల బతుకులో పడ్డ తప్పు శిక్షని దిద్దడానికి ఏ మీట నొక్కాలో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. అందుకే తొందరపడకుండా, ఒకటికి నాలుగుసార్లు ఆలోచించి వెయ్యాలి శిక్ష. మీ ఊరి బడిలో ఏ పద్ధతి ఉంది? తప్పు చేసిన పిల్ల తల్లికి కూర్చోవడానికి కుర్చీ వేస్తున్నారా? ఈసారి పేరెంట్స్ మీటింగుకి వెళ్లినప్పుడు కనుక్కోండి. అడిగే హక్కు మీకుంది.